మన ఊరి సరుకు పేరుకి జీఐ వేయించాలంటే

మీ షాపు పేరో బ్రాండో కాపాడుకోవాలంటే ట్రేడ్‌మార్క్ చేయించుకోండి, సరిపోతుంది. ఊరి పేరు మీద చలామణి అయ్యే సరుకైతే మాత్రం జీఐకి, అంటే జియోగ్రాఫికల్ ఇండికేషన్ (భౌగోళిక గుర్తింపు)కి, వేయాలి, అది అక్కడ దాన్ని పండించేవాళ్లకీ తయారుచేసేవాళ్లకీ అందరికీ కలిపి ఉండే హక్కు. కాబట్టి ఒక్క వ్యాపారి వెళ్లి ఆ పేరు నాదే అంటే తీసుకోరు. రైతు సంఘమో, సొసైటీనో, చట్టప్రకారం ఏర్పడిన ఏదో ఒక సంస్థో అప్లై చేయాలి, తాము ఆ ఉత్పత్తిదారుల తరఫునే వచ్చామని అఫిడవిట్ కూడా పెట్టాలి.

ముందు చెన్నైలో ఉండే జీఐ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీ సరుకు ఇప్పటికే నమోదై ఉందేమో చూడండి. ఉదయగిరి చెక్క స్పూన్లకీ, వెంకటగిరి చీరలకీ ఎప్పుడో వచ్చేసింది. అలాంటివాటికి మళ్లీ అప్లికేషన్ దండగ, నేరుగా చివరి రెండు పేరాలకి వెళ్లిపోండి.

కొత్తగా వేసేవాళ్లు అసలు ఏ పేరు అడుగుతున్నారో బాగా ఆలోచించుకోవాలి. మన బియ్యమే తీసుకోండి. 'నెల్లూరు బియ్యం' అని అడిగితే చిక్కు, ఎందుకంటే ఆ పేరుతో అమ్మే బస్తాలో చాలాసార్లు ఉండేది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 అనే వరి రకం. ఒక పేరు అందరూ వాడే మామూలు మాట అయిపోయిందని తేలితే రిజిస్ట్రేషన్ రాదు. అదే 'నెల్లూరు మొలగొలుకులు' అంటే ఫలానా వంగడం, ఫలానా గింజ అని చూపించగలరు.

అసలు కష్టమంతా కేస్ స్టేట్‌మెంట్ దగ్గరే, అంటే మీ సరుకు ప్రత్యేకత ఏంటో వివరిస్తూ అప్లికేషన్‌తో పెట్టే పత్రం దగ్గర. ఈ గుణం ఈ నేల వల్ల, ఈ నీటి వల్ల, ఇక్కడి మనుషుల పనితనం వల్ల వచ్చిందని కాగితం మీద చూపాలి. రుచి అమోఘం అని రాస్తే ఎవరూ వినరు. గింజ పొడవెంత, వండితే ఎంత సాగుతుంది, పెన్నా కాలువల కింద నారు పోసిన దగ్గర్నుంచి మిల్లాడించే దాకా ఏం చేస్తారు, ఇవన్నీ ల్యాబ్ రిపోర్టులతో సహా పెట్టండి. పాతకాలపు రుజువులూ కావాలి. 1873లో బాస్వెల్ తయారుచేసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ లాంటి బ్రిటిష్ రికార్డుల్లో మీ సరుకు ప్రస్తావన ఉందేమో ఓపిగ్గా వెతకండి, దొరికిందా, మీ కేసు సగం గెలిచినట్టే. నాణ్యతని ఎవరు తనిఖీ చేస్తారో కూడా చెప్పాలి.

మ్యాప్ కూడా జతచేయాలి. నా సలహా ఏంటంటే ఏరియాని జిల్లా పేరుతో వదిలేయకుండా మండలాలు, గ్రామాలతో సహా రాయండి. 2022లో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయింది కదా, జిల్లా గీతలు మన చేతిలో ఉండవు.

తర్వాత నిపుణుల బృందం పరిశీలిస్తుంది, అభ్యంతరాలుంటే జవాబివ్వాలి, ఒప్పుకుంటే జీఐ జర్నల్‌లో వేస్తారు. అప్పట్నుంచి 3 నెలల్లోపు ఎవరైనా వ్యతిరేకించొచ్చు, అడిగితే ఇంకో నెల ఇస్తారు. ఎవరూ అడ్డు రాకపోతే 10 ఏళ్లపాటు చెల్లే రిజిస్ట్రేషన్ వస్తుంది, గడువు ముగిసేలోపు రెన్యువల్ చేయించుకోవాలి.

సర్టిఫికెట్ రాగానే సన్మానాలు చేసుకుని చాలామంది ఆగిపోతారు, అక్కడే దెబ్బ. ఉదయగిరిలో స్పూన్లు చెక్కే ప్రతి మనిషీ విడిగా అధీకృత వాడుకదారుగా, అంటే ఆథరైజ్డ్ యూజర్‌గా, పేరు నమోదు చేయించుకోవాలి. దానికి ఫారం జీఐ-3 ఉంది. సంఘానికి జీఐ ఉంది కదా అని ఊరుకుంటే ఆ పేరు వాడుకునే హక్కు చట్టప్రకారం మీ చేతికి రాదు.

నకిలీ సరుకు కనపడితే ముందు బిల్లుతో సహా కొనండి, లేబుల్ ఫోటో తీసుకోండి. నేరం రుజువైతే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అయితే ఈ చట్టం కింద సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే కనీసం డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, ఆయన కూడా ముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. కాబట్టి స్టేషన్‌లో ఎస్సైతో వాదన పెట్టుకోకుండా కాగితాలన్నీ పట్టుకుని డీఎస్పీ ఆఫీసుకే వెళ్లండి.