వచ్చి పోయే మిస్‌ఫైర్‌ను పట్టుకోవడం ఎలా

నా పికప్ ట్రక్కు ఖాళీగా ఉంటే సాఫీగా పోయేది. వెనక సరుకు వేసి ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రం ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు రెండు మూడు కుదుపులు వచ్చేవి. ఇదే మిస్‌ఫైర్, అంటే ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం. పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులన్నీ మార్చాను. తర్వాత ప్లగ్గుకు అధిక వోల్టేజీ పంపే ఒక కాయిల్ మార్చాను. డబ్బు పోయింది గానీ కుదుపు పోలేదు. ఆ తర్వాతే నేను చేయాల్సిన మొదటి పని చేశాను: డాష్‌బోర్డు మీద ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, కుదుపు వచ్చిన ప్రతిసారీ బండి ఆపి రాసుకున్నాను. ఇంజిన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఎత్తు ఎక్కుతున్నానా ఆగి ఉన్నానా, వాన పడిందా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది. పెట్రోలు ఇంజిన్ ఉన్న ఏ బండికైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఎప్పుడు వస్తుందో తెలిస్తే సగం దారి దొరికినట్టే. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు మిస్ అయి సర్దుకుంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ మట్టం చూడండి. ఇంజిన్ బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని రాత్రంతా సిలిండర్‌లోకి కూలెంట్ దిగుతూ ఉండవచ్చు. తడి వాతావరణంలోనే వస్తే కాయిల్ కింద ఉండే రబ్బరు బూటును అనుమానించాలి. ఆగి ఉన్నప్పుడే వణికి, వేగం పెంచగానే తగ్గితే ఎక్కడో పగిలిన వ్యాక్యూమ్ పైపు గుండా అదనపు గాలి చొరబడుతోందేమో చూడాలి. బరువు మీదే వస్తే స్పార్క్ వైపు, పెట్రోలు పీడనం వైపు వెళ్లాలి. ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ సిలిండర్‌లో పీడనం పెరుగుతుంది, ఆ పీడనంలో స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్, అరిగి వెడల్పైన ప్లగ్ గ్యాప్ అక్కడే బయటపడతాయి.

ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం పరీక్షలు ఆపి, వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి పక్కన పెట్టండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని మాడ్చేస్తుంది.

ఇక ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టండి. పి0300 అంటే మిస్‌ఫైర్ ఒకే సిలిండర్‌కు పరిమితం కాలేదని అర్థం. పి0301 నుంచి చివరి అంకె సిలిండర్ సంఖ్య చెబుతుంది. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే వివరాలు ఉంటాయి: ఆ క్షణాన ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, దాని మీద ఎంత బరువు పడింది. వాటిని రాసుకోకుండా కోడ్ చెరిపేయకండి, చెరిపితే అవీ పోతాయి. నా బండి పి0304 చూపించింది.

నాలుగో కాయిల్‌ను రెండో సిలిండర్‌కు, రెండోదాన్ని నాలుగుకు మార్చాను. ఇంజిన్ ఆపి, చల్లారాకే ఈ పని చేయాలి. కోడ్ పి0302 అయితే కాయిలే దోషి. కాలేదు. ప్లగ్గులను కూడా అలాగే అటూ ఇటూ మార్చాను. ప్లగ్ తీసినప్పుడు తెల్ల పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్ల గీత ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. స్పార్క్ కొన దగ్గర దూకకుండా పక్కదారిన పోయిందనడానికి అదే సాక్ష్యం. అలాంటి ప్లగ్‌తో పాటు బూటు కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్ మీదా అదే గీత పడుతుంది. నా ప్లగ్గులు శుభ్రంగా ఉన్నాయి. సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను అలాగే మార్చి చూసినా కోడ్ నాలుగు దగ్గరే ఉండిపోయింది. ఆ దశలో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చెప్పే కంప్రెషన్ కొలిచాను, అదీ మిగతా సిలిండర్లతో సమానంగానే ఉంది.

అన్నీ మార్చినా కోడ్ కదలలేదంటే, కదలకుండా అక్కడే ఉన్నది వైరింగ్. ఇంజిన్ నడుస్తుండగా తిరిగే బెల్టులకు, ఫ్యానుకు దూరంగా ఉంటూ, ఎండిన చెక్క పుల్లతో ఇంజెక్టర్ వైర్ల కట్టను అక్కడక్కడా మెల్లగా కదిపాను. నాలుగో ఇంజెక్టర్‌కు జానెడు దూరంలో ఇంజిన్ ఒక్కసారి తడబడింది. ఆపి, టేపు విప్పితే, ఇనుప బ్రాకెట్ అంచుకు రాసుకుని ఒక వైరు తొడుగు అరిగిపోయి ఉంది. లోపలి రాగి ఆకుపచ్చగా మారి, రెండు మూడు పోగులే మిగిలాయి. బరువుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ తనను పట్టి ఉంచే మౌంట్ల మీద కొద్దిగా ఒరుగుతుంది. అప్పుడు ఆ వైరు బిగుసుకుని, పోగులు విడిపోయి, ఇంజెక్టర్ మూగబోయేది. ఖాళీ బండిలో అంత ఒరుగుదల ఉండదు కనుక నాకు అన్నాళ్లు దొరకలేదు.

బ్యాటరీ తీగ తీసి, పాడైన ముక్క కోసేసి, అదే మందం ఉన్న వైరు టంకం పెట్టి అతికించాను. దాని మీద వేడికి ముడుచుకునే తొడుగు వేసి, కట్టను బ్రాకెట్‌కు దూరంగా బిగించాను. తర్వాత అదే సరుకు వేసుకుని, అదే ఎత్తు, అదే గేరులో మూడుసార్లు ఎక్కాను. స్కానర్‌లో నాలుగో సిలిండర్ మిస్‌ఫైర్ల లెక్క మూడుసార్లూ సున్నా దగ్గరే ఉంది.