ఇంట్లో ఒంటరిగా బరువులెత్తే ముందు

40 ఏళ్లు దాటాక ఇంట్లో బరువులెత్తడం మొదలుపెట్టేవారు, ముఖ్యంగా రక్తపోటో మధుమేహమో ఉన్నవారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్లు అనిపించేవారు, ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. గదికి లోపల గడియ పెట్టకూడదు. ఫోను నేల మీద నుంచి కూడా చేతికందాలి.

విజయవాడలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనుక, ఆ రోజుల్లో తెల్లవారుజామునే వ్యాయామం ముగించాలి. చెమటకు టైల్స్ జారతాయి కాబట్టి రబ్బరు మ్యాట్ పరుచుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వెల్లకిలా పడుకుని బార్‌బెల్‌ను (రెండు చివరలా బరువు ప్లేట్లు తొడిగే పొడవాటి కడ్డీని) ఛాతీ మీదికి దించడం. ఆదుకునే మనిషి లేనప్పుడు ఒక్కో చేత్తో ఎత్తే డంబెల్స్‌తో సరిపెట్టుకోవడమే మేలు. బార్‌బెల్ తప్పదనుకుంటే (నిజానికి తప్పనిదేమీ కాదు) ప్లేట్లకు క్లిప్పులు బిగించకుండా ఉంచాలి, అప్పుడు బార్ ఛాతీ మీద ఇరుక్కున్నా ఒక పక్కకు వంచి వాటిని జార్చేయవచ్చు.

ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, అందుచేత ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి.