కోడి బరువు సరిగ్గా ఉందా? తూకం కన్నా ముందు రొమ్ము ఎముక తడమండి

"మా పెట్ట ఎన్ని కిలోలు ఉండాలి?" అని అడిగిన ప్రతి ఒక్కరినీ నేను తిరిగి ఒకటే అడుగుతాను: రొమ్ము ఎముక తడిమి చూశారా? చాలామంది చూసి ఉండరు. ఫొటో తీసి, "చూడండి, బొద్దుగానే ఉంది కదా" అంటారు. ఆ ఫొటోలో ఉన్నది ఈకలు. ఎముకల గూడులా మారిన పెట్ట కూడా ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటే బంతిలా కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం అన్నది కోళ్ల విషయంలో అక్షరాలా నిజం.

కిలోల లెక్క ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. తెల్ల లెగ్‌హార్న్ లాంటి తేలిక రకం పెట్ట ఒకటిన్నర, రెండు కిలోల మధ్య ఉంటే చాలు. గోధుమరంగు గుడ్ల సంకర జాతులు 2 కిలోల దగ్గర తిరుగుతాయి. భారీ జాతుల్లో 3 కిలోలు కూడా మామూలే. జాతి తెలియని కలగలుపు కోడికి ఏ పట్టిక చూసి ఏం చెబుతాం?

కాబట్టి చెయ్యి వాడండి. చీకటి పడి కోళ్లు కర్రెక్కాక అయితే గోల చెయ్యవు. అరచెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి, మధ్యలో నిలువుగా ఉండే ఎముకకు రెండు పక్కలా వేళ్లు ఆనించి, 0 నుంచి 3 దాకా ఒక అంకె వెయ్యండి. ఎముక కత్తి అంచులా తగిలి, పక్కన కండ లోపలికి గుంట పడి ఉంటే 0. అంచు స్పష్టంగా తెలుస్తూ, పక్కన కండ చదునుగా ఉంటే 1. అంచు తెలుస్తూనే పక్కన కండ కాస్త గుండ్రంగా ఉంటే 2. ఎముకను వెతుక్కోవాల్సి వస్తే 3. గుడ్లు పెట్టే పెట్ట 1, 2 మధ్య ఉంటే నేను నిశ్చింతగా పడుకుంటాను. కొత్తగా గుడ్లకు వచ్చిన పిల్లపెట్ట ఇంకా పెరుగుతూనే ఉంటుంది, దాని రొమ్ము కాస్త పలచగా ఉన్నా టెన్షన్ పడకండి.

తూకం వెయ్యొద్దని కాదు. ఉదయం మేత వెయ్యకముందే, అదే త్రాసు మీద, వారానికోసారి వెయ్యండి. సాయంత్రం కోడి మేత సంచి (తిన్నది ముందుగా చేరే మెడ దగ్గరి తిత్తి) గింజలు, నీళ్లతో నిండి ఉంటుంది కాబట్టి ఆ అంకె నమ్మలేం.

రొమ్ము ఎముక గుచ్చుకుంటోంది, పొట్ట కూడా ఖాళీ

మొదట మేత సంచి. అది మెడ మొదట్లో, కాస్త కుడివైపుకు ఉంటుంది. రాత్రి నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. రాత్రే ఖాళీగా ఉంటే ఆ పెట్టకు మేత అందడం లేదు. మిగతావాటితో పాటు పరుగెత్తుకొస్తుంది, నేల మీద టకటకా ముక్కుతో పొడుస్తుంది, మనమేమో తింటోందనుకుంటాం. నిజానికి పెత్తనం చేసే పెట్ట దాన్ని మేత తొట్టి దగ్గరికి రానివ్వదు. ఇంకో తొట్టి, ఇంకో నీళ్ల గిన్నె పెట్టండి. అవి మొదటివాటికి కనబడని మూల ఉండాలి. పక్కపక్కనే పెడితే ఆ పెత్తందారు రెండింటినీ కాపలా కాస్తుంది. తెల్లారినా సంచి గట్టిగానో పుల్లటి వాసనతోనో నిండి ఉంటే అది అడ్డుపడటం, పులియడం. దానికి వైద్యం వేరు.

సంచి నిండుతోంది, అయినా చిక్కిపోతోందంటే ముందుగా రెండు అనుమానాలు. ఒకటి ఏలికపాములు. రెట్ట పరీక్ష చేయించి, నట్టల మందు పెట్ట బరువును బట్టి ఇవ్వండి. ఆ మందుకు ఎన్నాళ్లు గుడ్లు తినకూడదో కూడా చూసుకోండి. రెండోది రాత్రిపూట రక్తం తాగే ఎర్ర పురుగులు. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు, గూటి కర్రల చివర్లలో, చెక్క పగుళ్లలో దాక్కుంటాయి. కర్ర కింద తెల్ల కాగితం అంటించి, ఉదయం దాన్ని రుద్దితే ఎర్రటి మరకలు పడతాయి. మందు కోడికి ఒక్కదానికే కొడితే లాభం లేదు, గూటికి కొట్టాలి. వారం తర్వాత మళ్లీ కొట్టాలి, లేకపోతే మిగిలిన పురుగుల గుడ్లు పొదిగి కథ మొదటికొస్తుంది.

ఈకలు రాల్చే కాలంలోనూ, పొదుగుకు కూర్చున్న 21 రోజుల్లోనూ బరువు తగ్గడం సహజం. పొదుగు పెట్ట రోజుకోసారి లేచి తింటే చాలనుకుంటుంది. ఈకలు రాల్చేదానికి మాంసకృత్తులు కాస్త ఎక్కువున్న మేత వేసి దాని మానాన దాన్ని వదిలెయ్యండి.

తూకం బాగుంది, పెట్ట బాగాలేదు

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. ఒక గోధుమరంగు పెట్ట, మూడేళ్లది. ప్రతి వారం తూకం వేసి పుస్తకంలో రాసేవాణ్ణి: 2.1, 2.15, 2.2. గుడ్లు ఆగిపోయాయి, వయసైపోయింది కదా అనుకున్నాను. నడక నెమ్మదించింది, బరువెక్కింది కదా అని గింజలు తగ్గించాను. అంటే చిక్కిపోతున్న పెట్టకు మేత తగ్గించానన్నమాట. అది చనిపోయాక ఎత్తి చూస్తే రొమ్ము ఎముక కత్తిలా ఉంది. పొట్ట మాత్రం నీళ్ల సంచి. అరలీటరు నీరు అంటే త్రాసు మీద దాదాపు అరకిలో. కండ కరిగిపోయిన ప్రతి వారం ఆ లోటును నీరు పూడుస్తూ వచ్చింది, నా పుస్తకంలో అంకె తగ్గనే లేదు.

జరిగేది ఇది: అండాశయం నుంచి విడుదలైన పచ్చసొనను గుడ్డు గొట్టం మూతి అందుకోవాలి. అందుకోలేకపోతే అది పొట్టలో పడిపోతుంది. ఒకటీ అరా అయితే శరీరమే పీల్చేసుకుంటుంది. మళ్లీ మళ్లీ పడుతూ, గొట్టంలోంచి సూక్ష్మక్రిములు కూడా చేరితే పొట్ట లోపల వాపు వచ్చి నీరు ఊరుతుంది. వయసు మళ్లిన పెట్టల్లో అండాశయానికో గుడ్డు గొట్టానికో వచ్చే కణితి వల్ల కూడా పొట్ట ఇలాగే నిండుతుంది. మనకు పైకి కనిపించే గుర్తులు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి.

పట్టుకోవడం కష్టమేమీ కాదు, చెయ్యి అక్కడిదాకా పోవాలంతే. కాళ్ల మధ్య, గుడ్డు వచ్చే ద్వారానికీ రొమ్ము ఎముక చివరకూ మధ్య ఉన్న మెత్తటి భాగాన్ని అరచేత్తో తడిమి చూడండి. నొక్కొద్దు, ఆనించండి చాలు. కొవ్వయితే ముద్దలా మెత్తగా ఉంటుంది, రొమ్ము కూడా నిండుగా ఉంటుంది. గుడ్డు రాబోతుంటే గట్టిగా ఒక్కటే తగులుతుంది, అది పెట్టేశాక పోతుంది. నీరయితే నీళ్లు నింపిన బెలూనులా బిగుసుకుని, ఒక పక్క వేలితో తడితే రెండో పక్క అల తెలుస్తుంది. రొమ్ము మాత్రం ఎండిపోయి ఉంటుంది. పెట్ట కాళ్లు ఎడం చేసి, తోక దించి, నిటారుగా పెంగ్విన్‌లా నిలబడుతుంది. అందుకే ఇప్పుడు నా పుస్తకంలో తూకం పక్కన రొమ్ము అంకె కూడా రాస్తున్నాను. తూకం నిలకడగా ఉండి, రొమ్ము 2 నుంచి 1కి, 1 నుంచి 0కి జారుతుంటే ఆ వారమే పొట్ట చూస్తాను.

దొరికితే ఏం చెయ్యాలి? కోళ్లు చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, పొట్ట పిసకొద్దు. లోపలి నీరు గాలి సంచుల మీద పడితే ఊపిరాడదు. వైద్యులు సూదితో కొంత నీరు తీస్తారు, ఇన్‌ఫెక్షన్ ఉంటే మందు ఇస్తారు. ఊపిరి తేలికవుతుంది, కొన్నాళ్లు తింటుంది, కానీ చాలాసార్లు నీరు మళ్లీ చేరుతుంది. పెట్ట మరీ బాధపడుతుంటే సుఖంగా ముగించడం గురించి కూడా ఆ వైద్యుడితోనే మాట్లాడండి. ఇంట్లో సూది పట్టుకుని ప్రయోగాలు చెయ్యకండి. నీరంతా ఒక్కసారిగా లాగేస్తే పెట్ట అక్కడికక్కడే కుప్పకూలొచ్చు.

ఎముకే దొరకడం లేదు

ఇది మనం చేతులారా చేసుకున్నదే. తొట్టిలో లేయర్ మేత (గుడ్ల కోళ్ల కోసం తయారుచేసే మేత) ఉన్నా, పిలిచినప్పుడల్లా గుప్పెడు గింజలు విసిరితే కోడి వాటితోనే కడుపు నింపుకుంటుంది. కొవ్వు పొట్టలోనే కాదు, కాలేయంలోనూ పేరుకుంటుంది. ఎండలు ముదిరిన రోజుల్లో కాలేయం చిట్లి, నిన్నటిదాకా గుడ్లు పెట్టిన పెట్ట తెల్లారేసరికి పాలిపోయిన తురాయితో చచ్చిపడి ఉండేది ఇందుకే. మాంసకృత్తులు 16–18 శాతం ఉన్న లేయర్ మేతే ప్రధానంగా ఉంచి, పైతిళ్లన్నీ కలిపి రోజు మేతలో పదో వంతు దాటనివ్వకండి. పస్తు పెట్టొద్దు. తిరగడానికి చోటివ్వండి, నెలా రెండు నెలల్లో దానంతటదే దిగుతుంది.

క్షయ, మారెక్స్ (నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు) లాంటివి కూడా కోడిని చిక్కిపోయేలా చేస్తాయి. కాళ్లు చచ్చుబడటం లాంటి వేరే లక్షణం లేనప్పుడు వాటితో మొదలుపెట్టకండి. ఒకేసారి మూడు నాలుగు పెట్టలు చిక్కితే మాత్రం ఊహలు కట్టిపెట్టి, రెట్ట నమూనా, మేత నమూనా రెండూ పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.