చిన్న పగడాల తొట్టెలో నాచు: లక్షణం, కారణం, పరిష్కారం

చెరువు నీటి రంగు చూసి ప్లాంక్టన్ సంగతి చెప్పగలవారు భీమవరం చుట్టుపక్కల ఊరికి పదిమంది ఉంటారు. అయితే చెరువులో ఎరువు చల్లి మరీ పెంచుకునే నాచు హాల్లోని పగడాల తొట్టెలో పెరిగినప్పుడు ఆ అనుభవం సగమే అక్కరకు వస్తుంది. ముఖ్యంగా, చెరువులో నాచు చావడానికి వేసే మైలుతుత్తాన్ని తొట్టెలో చిటికెడు కూడా వేయరాదు. అందులోని రాగి లోహం, నాచు కంటే ముందు నత్తలను, రొయ్యలను, పగడాలను చంపుతుంది, పైగా రాళ్ళలోకి ఇంకి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూ ఉంటుంది.

ఇక్కడ చెప్పేది నికరంగా 60 లీటర్ల నీరుండి, జొయాంథస్, మష్రూమ్, లెదర్ వంటి మెత్తని పగడాలు పెంచే తొట్టె గురించి. (గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూలు 1లో ఉన్నందున వాటి జోలికి పోకపోవడమే మేలు.) లవణీయత 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు), ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, నైట్రేట్ లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే చాలు. ఈ రెండు పోషకాలు సున్నాకు చేరడం కూడా జబ్బే.

రాళ్ళపై ఆకుపచ్చని వెంట్రుకల నాచు, నీటి పరీక్ష కిట్‌లో మాత్రం ఫాస్ఫేట్ సున్నా

కిట్ తప్పు చూపడం లేదు. నీటిలోకి వచ్చిన ఫాస్ఫేట్‌ను వచ్చినట్టే నాచు తినేస్తున్నందువల్ల కొలవడానికి మిగలడం లేదు. అందుచేత అది రోజూ ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలి.

మొదట అనుమానించవలసింది, ఆవిరైన నీటికి బదులుగా మనం పోసే మంచినీటిని. ఎండాకాలంలో మూత లేని తొట్టెపై ఫ్యాను తిరుగుతుంటే రోజుకు లీటరుంబావు దాకా, అంటే నెలకు దాదాపు 40 లీటర్లు ఆవిరవుతుంది. పోసే నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ఉన్నా నెలకు 8 మిల్లీగ్రాములు తొట్టెలో చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది గాని ఫాస్ఫేట్ ఎక్కడికీ పోదు కనుక, 60 లీటర్లలో అది లీటరుకు 0.13 మిల్లీగ్రాముల పెరుగుదల అవుతుంది. కాలువలు కట్టేసిన నెలల్లో మంచినీళ్ళ చెరువుల్లో నిలవ ఉన్న నీరే కుళాయిలోకి వస్తుంది కాబట్టి దానిని నమ్మలేము. ఇంటికి వచ్చే 20 లీటర్ల టిన్ను నీరు శుభ్రమేనని నేను రెండు నెలలు అదే పోసి, వారం వారం నాచు పీకుతూ కూర్చున్నాను. చివరికి నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే 90 చూపించింది. తాగే నీటికి అది చక్కని అంకే గాని పగడాలకు కాదు. ఆర్‌ఓ ఫిల్టరు తర్వాత, మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ గొట్టం ఒకటి అమర్చి, మీటరు 0 చూపిన నీటినే పోయాలి. 2 లేదా 3 చూపడం మొదలైతే రెజిన్ మార్చాలి.

రెండో దారి మేత. రొయ్యలకు కరువు లేని ప్రాంతం కనుక పచ్చిరొయ్య నూరి వేయడం ఇక్కడ తేలిక, కానీ నూరినప్పుడు కారే రసమంతా నైట్రేట్, ఫాస్ఫేట్‌ల కిందే లెక్క. ముక్కలను జల్లెడలో కడిగి, రెండు నిమిషాల్లో చేపలు తినగలిగినంతే వేయాలి.

పంపు ఆపి, నాచును వేళ్ళతో పీకి, గట్టిగా పట్టినచోట పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆ తుక్కు నీటిలో చెదరకముందే సన్నని గొట్టంతో లాగేయాలి. దీపం రోజుకు 8 గంటలు మించరాదు. ఫాస్ఫేట్‌ను పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడదలిస్తే ప్యాకెట్టుపై చెప్పినదానిలో సగంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవు. ఇన్నాళ్ళూ రాళ్ళు పీల్చుకున్న ఫాస్ఫేట్ తిరిగి నీటిలోకి దిగుతూ ఉంటుంది కనుక, అన్నీ సరిగా చేసినా తేడా కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

వారానికి 10 శాతం నీరు మార్చేటప్పుడు, సముద్రం దగ్గరే కదా అని అంతర్వేది నుంచి డబ్బాలతో నీరు తెచ్చేవారు వరద నెలల్లో ఆ పని మానుకోవాలి. గోదావరి పాయ వశిష్ఠ తెచ్చే ఎర్రనీటితో అక్కడ లవణీయత పడిపోతుంది, ఒండ్రుతోపాటు పోషకాలూ వస్తాయి. ఉప్పు కలిపి చేసుకున్న నీరే నయం.

ఇసుకపై ఎర్రని జిగురు పొర

పలుచని చాపలా లేచివచ్చే ఈ పొర సయనోబ్యాక్టీరియా, అంటే నాచులా వెలుతురుతో బతికే బ్యాక్టీరియా. నీటి కదలిక లేని మూలల్లో, ఫాస్ఫేట్ ఉండి నైట్రేట్ సున్నాకు పడిపోయినచోట ఇది ముందుకు వస్తుంది, ఎందుకంటే దీనిలో కొన్ని రకాలు నీటిలో కరిగిన నత్రజని వాయువునే వాడుకోగలవు. పంపు మూతిని ఆ మూలకు తిప్పి, పొరను గొట్టంతో లాగి, నైట్రేట్‌ను లీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గరకు తేవాలి. యాంటీబయాటిక్‌తో పొర రెండు మూడు రోజుల్లో మాయమైనా, కారణం అలాగే ఉంటే మళ్ళీ వస్తుంది.

కొత్త తొట్టెలో గోధుమరంగు పొడి

ఇవి డయాటమ్‌లు, అంటే సిలికేట్‌తో పెంకు కట్టుకునే సూక్ష్మమైన నాచు. సిలికేట్ అయిపోగానే కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి.

గాలి బుడగలు చిక్కుకున్న గోధుమరంగు తీగలు

పగలు చీమిడిలా సాగుతూ రాత్రికి తగ్గి, మర్నాడు దీపం వెలగగానే తిరిగి కమ్ముకుంటే, నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపుతుంటే, అవి చాలావరకు డైనోఫ్లాజెలేట్లు అనే ఒంటికణం సూక్ష్మజీవులు. అతిగా శుభ్రం చేసేవారి తొట్టెలకే ఇవి ఎక్కువగా పడతాయి. ఖాయం చేసుకోవడానికి కొంత జిగురును సీసాలో నీటితో గట్టిగా కుదిపి, వడపోత కాగితంలో వడకట్టి, ఆ తేట నీటిని దీపం కింద గంటసేపు ఉంచితే మళ్ళీ తీగలు కడతాయి. రొయ్యల ల్యాబుకు చిన్న సీసాలో తీసుకెళ్ళినా మైక్రోస్కోపులో చూసి చెబుతారు. డయాటమ్‌లు గాజుపెంకుల్లా నిలకడగా కనిపిస్తే, వీటిలో తరచుగా వచ్చే ఒక రకం గింజ ఆకారంలో ఉండి ఒక కొసను పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంది.

వైద్యం వెంట్రుకల నాచుకు చెప్పినదానికి పూర్తిగా తలకిందులు. ఐరన్ ఆక్సైడ్ గుళికలను తీసేసి, నీటి మార్పిడిని కొన్ని వారాలు ఆపి, మేత కాస్త పెంచాలి. అప్పటికీ నైట్రేట్ కదలకపోతే 165 మిల్లీగ్రాముల శుద్ధమైన సోడియం నైట్రేట్‌ను కరిగించి పోస్తే 60 లీటర్లలో నైట్రేట్ లీటరుకు 2 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మర్నాడు కొలిచాకనే రెండో మోతాదు. డైనోఫ్లాజెలేట్లలో కొన్నింటికి విషం ఉంటుంది, తిన్న నత్తలు చనిపోవచ్చు కనుక, జిగురు తగ్గేదాకా నత్తలను గాలి గొట్టం పెట్టిన వేరే ఉప్పునీటి బక్కెట్టులో ఉంచాలి.