రాయిని చెరపకుండా శాసనం చదవడం ఎలా

హైదరాబాద్‌లో చైతన్యపురి దగ్గర మూసీ ఒడ్డున కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద విష్ణుకుండిన రాజుల నాటి ప్రాకృత శాసనం, బ్రాహ్మీ లిపిలో. నా దగ్గర శాసనాలు నేర్చుకునే పిల్లల్ని మొదట అక్కడికే తీసుకెళ్తాను. చార్మినార్ 1591 నాటిదని అందరికీ తెలుసు. అంతకు వెయ్యేళ్ల ముందే ఇక్కడ ఒకరు రాయి మీద మాట చెక్కారని కళ్లారా చూస్తే, దారిలో కనిపించే ప్రతి రాయినీ ఆగి చూస్తారు.

మీకూ అలాంటి రాయి ఎదురైతే, దాన్ని కదిలించొద్దు. అక్షరాల మీద చాక్‌పీసు, పిండి, నూనె ఏదీ రుద్దొద్దు. రీసెర్చ్ మొదలుపెట్టిన కొత్తలో ఒక పొలం గట్టు మీది రాయిని నేను చాక్‌పీసుతో దిద్దాను. పాత లిపిలో ప, వ దగ్గర దగ్గరగా ఉంటాయి. నేను 'వ' అనుకున్నాను, ఫొటోలోనూ 'వ'యే పడింది. దాంతో ఊరి పేరే మారిపోయింది. దిద్దిన రాయి మనం అనుకున్నదే మనకు తిరిగి చెబుతుంది. ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది.

చదవడానికి కావలసింది ఏటవాలు వెలుతురు. మధ్యాహ్నం ఎండలో అక్షరాలు కనిపించవు. పొద్దున్నే వెళ్లండి, లేదా సాయంత్రం. నీడలో ఉంటే టార్చిని రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. కెమెరా కదపకుండా నాలుగు వైపుల నుంచీ వెలుతురు వేసి నాలుగు ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టడం మరవొద్దు. రాయి ఎత్తు, వెడల్పు, ఏ ముఖం ఏ దిక్కుకుందో రాసుకోండి.

తర్వాత చుట్టుపక్కల పెద్దవాళ్లతో మాట్లాడండి. ఒకచోట ఒక అవ్వ, "దాన్ని మేం చెరువు రాయి అంటం బిడ్డా" అంది. అక్కడ చెరువు లేదు, కాలనీ ఉంది. చదివితే అది చెరువు కింది భూమి దానమిచ్చిన శాసనం!

కాగితం మీద అచ్చు తీయాలంటే ముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల్లాంటి చోట్ల సొంతంగా ప్రయత్నించనే వద్దు. రాయి పొరలుగా రాలుతుంటే కూడా వదిలేయండి. గట్టి రాయైతే నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగి, తడిపిన కాగితం పరిచి, మధ్య నుంచి అంచులకు బ్రష్‌తో నెమ్మదిగా తట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాలి. కాస్త ఆరాక గుడ్డ మూటకు పల్చగా నల్ల సిరా అద్ది, కాగితం మీద తాకించాలి. చెక్కిన అక్షరాలు తెల్లగా వస్తాయి. కుతుబ్‌షాహీల పారసీ శాసనాల్లోలా ఉబ్బెత్తుగా ఉంటే నల్లగా వస్తాయి.

తెలుగు శాసనం చాలాసార్లు 'స్వస్తి శ్రీ'తో మొదలవుతుంది. తర్వాత కాలం, రాజు, దాత, దానం, చివర ఆ దానాన్ని చెడగొట్టేవాళ్లకు శాపం. ఈ వరుస తెలిస్తే అరిగిన పంక్తిలో ఏముండాలో కొంత ఊహించవచ్చు. ఊహించిన అక్షరాన్ని మాత్రం కుండలీకరణంలోనే రాయండి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 79.

అచ్చు వెనక ఊరు, తేదీ, ముఖం రాసి ఒక కాపీ పురావస్తు శాఖకు ఇవ్వండి, ఒకటి ఆ ఊరివాళ్లకు. నేనిచ్చింది ఆ అవ్వ పటం కట్టించి గోడకు పెట్టుకుంది.