చోమాన్ వెళ్తున్నారా? బాట మాత్రం వదలకండి

ఇరాక్ ఉత్తరాన సొంత ప్రభుత్వమున్న కుర్దిస్తాన్ ప్రాంతంలో, ఇరాన్ సరిహద్దుకు దగ్గర్లో కొండల నడుమ ఉన్న చిన్న ఊరు చోమాన్. 3,607 మీటర్ల హల్గుర్ద్ శిఖరం ఎక్కాలనుకునేవాళ్లు ఎక్కువగా ఈ ఊరి నుంచే బయల్దేరతారు. శిఖరం ఎక్కకపోయినా పర్వాలేదు, కనీసం రెండు రాత్రులైనా ఉండండి.

ముందు వీసా. రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందే కుర్దిస్తాన్ ప్రాంతీయ ప్రభుత్వం వెబ్‌సైట్‌లో మీ పాస్‌పోర్ట్‌కు ఏది వర్తిస్తుందో చూసుకోండి. కుర్దిస్తాన్ వరకే ఇచ్చిన వీసాతో బాగ్దాద్, మోసుల్ వెళ్లడం కుదరదు. సరిహద్దు కొండల మీద అప్పుడప్పుడూ డ్రోన్ దాడులు, బాంబు దాడులు జరుగుతుంటాయి, అందుకే బయల్దేరే వారం వార్తలు చూడండి. పరిస్థితి బాగాలేదంటే వాయిదా వేయండి, ఇందులో మొహమాటం వద్దు.

కుర్దిస్తాన్ రాజధాని ఎర్బిల్‌లో షేర్ టాక్సీలు ఆగే చోటును గ్యారేజ్ అంటారు. అక్కణ్ణించి సోరాన్ అనే ఊరికి, అక్కడ టాక్సీ మారి చోమాన్‌కి. దారిలో చెక్‌పోస్టులుంటాయి, పాస్‌పోర్ట్ చేతికందేలా పెట్టుకోండి. ఈ దారి 1928-32 మధ్య న్యూజిలాండ్ ఇంజనీర్ హామిల్టన్ వేయించిన రోడ్డు వెంటే సాగుతుంది, లోయ అందం చూడాలంటే పగలే ప్రయాణం చేయాలి. మధ్యలో వచ్చే గలీ అలీ బేగ్ జలపాతాన్ని మీ జేబులోని 5,000 దినార్ల నోటు మీద కూడా చూడొచ్చు. డబ్బంటే గుర్తొచ్చింది, కార్డును నమ్ముకోవద్దు. నలగని డాలర్ నోట్లు తీసుకెళ్లి ఎర్బిల్‌లోనే దినార్లు చేసుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట మందుపాతరల గురించి. 1980-88 ఇరాన్-ఇరాక్ యుద్ధంలో పాతిపెట్టినవి ఈ వాలుల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. ఎర్ర బోర్డు మీద పుర్రె బొమ్మ కనిపిస్తే అటు వెళ్లకూడదని ఎవరికైనా తెలుస్తుంది, కానీ బోర్డు లేనంత మాత్రాన ఆ చోటు భద్రమని అనుకోవద్దు, ఎందుకంటే మంచు కరిగినప్పుడు, వానలకు మట్టి జారినప్పుడు మందుపాతరలు కూడా పక్కకు కొట్టుకుపోతాయి. అందుకే కొండ మీదికి స్థానిక గైడ్ లేకుండా కదలొద్దు. ఫొటో కోసమైనా, ఒంటికి వెళ్లడానికైనా నలిగిన బాట దిగి రెండడుగులు కూడా పక్కకు వేయొద్దు. నేల మీద ఇనుప ముక్క కనిపిస్తే ముట్టుకోకండి. పొరపాటున మందుపాతరలున్న చోటికి వచ్చామని అనుమానం వస్తే ఉన్నచోటే ఆగి, కేకేసి సాయం పిలవండి.

చెక్‌పోస్టులను, సైనికులను ఫొటో తీయొద్దు. దొంగచాటుగా సరిహద్దు దాటించి సరుకు మోసేవాళ్లు కనబడినా కెమెరా ఎత్తకండి, మీ ఒక్క ఫొటో వాళ్ల ప్రాణం మీదికి తేవచ్చు.

తిరగడానికి మే, జూన్, సెప్టెంబర్ నెలలు బాగుంటాయి. కాళ్లూ చేతులూ కప్పే బట్టలు వేసుకోండి. శుక్రవారం చాలా దుకాణాలు మూసేస్తారు. మాంసం తిననివాళ్లకు అన్నం, ఫసూలియా అనే చిక్కుడు గింజల కూర, రొట్టె, మజ్జిగ లాంటి మాస్తావ్ దొరుకుతాయి, కూరలో మాంసం ముక్క ఉందేమో మాత్రం అడగండి.

ఇక్కడ మాట్లాడే సొరానీ కుర్దిష్ భాషలో రెండు మాటలు నేర్చుకోండి. కృతజ్ఞతకు 'సుపాస్'. ఎవరైనా వండి పెడితే 'దస్త్ ఖోష్', అంటే మీ చేతులు చల్లగా ఉండాలని. టీ కొట్టాయన డబ్బులు వద్దంటే అది మర్యాద కొద్దీ అనే మాట కూడా కావచ్చు, రెండు మూడుసార్లు బతిమాలి ఇవ్వండి. నిజంగానే తీసుకోకపోతే సంతోషంగా ఒప్పుకోండి.

పెద్దవాళ్లతో కూర్చుంటే యుద్ధం గురించి మీరుగా కదపొద్దు. 1991లో సద్దాం సేనలకు భయపడి లక్షల మంది ఇరాన్, టర్కీ సరిహద్దుల వైపు నడిచిపోయారు, ఈ కొండ దారుల్లో వెళ్లినవాళ్లూ ఉన్నారు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెప్తారు. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినండి.