షుగర్‌ను గట్టిగా దించబోతున్నారా? ముందు రెటీనా చూపించుకోండి

ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్‌కు ఇప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టబోతున్నవాళ్లు, షుగర్‌నూ బరువునూ కలిపి తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్‌కు మారబోతున్నవాళ్లు, షుగర్ ఉండి బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. మీరు చేయబోయేది మంచి పనే. కానీ మొదటి ఏడాది మీ కళ్లకు గడ్డుకాలం కావచ్చు. ముందే తెలుసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

రెటీనా అంటే కంటి వెనక భాగంలో వెలుగును పట్టి చూపునిచ్చే పొర. అందులోని సన్నని రక్తనాళాలకు లోపలి గోడ ఒకే ఒక్క వరస కణాలు. వాటిని ఎండోథీలియల్ కణాలంటారు. ఒళ్లంతా నాళాల్లో ఈ కణాలే ఉంటాయి గానీ, రెటీనాలో, మెదడులో మాత్రం పక్కపక్క కణాలు సందు లేకుండా కుట్లు వేసినట్టు అతుక్కుని ఉంటాయి. రక్తంలోని నీరు, ప్రొటీన్లు, కొవ్వు బయటికి కారకుండా ఆపేది ఆ కుట్లే. బయటి వైపు నుంచి పెరిసైట్లు అనే తోడు కణాలు ఆ గోడను పట్టుకుని ఉంటాయి. షుగర్ చాలాకాలం ఎక్కువగా ఉంటే మొదట్లోనే ఈ తోడు కణాలు చచ్చిపోతాయి. ఆసరా పోయిన చోట గోడ బుడగలా ఉబ్బుతుంది, కుట్లు వదులై నీరు కారుతుంది, కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదులుతుంది. దాని వల్ల ఉన్న నాళాలు ఇంకా ఎక్కువ కారతాయి, కొత్త నాళాలు మొలుస్తాయి. ఆ కొత్త నాళాలు బలహీనమైనవి, ఇట్టే చిట్లి కంట్లో రక్తం నింపుతాయి.

ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. రెటీనా నడిబొడ్డున ఉండే మాక్యులాకు వాపు పాకేదాకా చూపు కూడా తగ్గకపోవచ్చు. అందుకే ‘నాకు బాగానే కనిపిస్తోంది కదా’ అని పరీక్ష వాయిదా వేయకండి.

షుగర్ తగ్గితే కళ్లు బాగుపడాలి కదా అనిపిస్తుంది. చివరికి జరిగేది అదే, కానీ మొదట్లో కొందరికి జబ్బు ముదురుతుంది. 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ పరిశోధనలో టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాని రకం) ఉన్న 1,441 మంది పాల్గొన్నారు. షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్లలో సుమారు 13 శాతం మందికి మొదటి ఏడాదిలో రెటీనా జబ్బు కాస్త ముదిరింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో అది 8 శాతం లోపే. ఆ తర్వాత లెక్క తిరగబడింది. మొదట్లో రెటీనా జబ్బు లేనివాళ్లకు గట్టి అదుపు వల్ల ఆ జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. కాబట్టి భయపడి మందు మానకండి. పాత జబ్బు ఎంత ఉందో తెలియకుండా షుగర్‌ను ఒక్కసారిగా దించడమే ప్రమాదం. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు, ఇప్పటికే రెటీనా దెబ్బతిన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

కాబట్టి మందు మొదలుపెట్టే ముందే, కుదరకపోతే ఆ వారాల్లోనే, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. కళ్లద్దాల కోసం చేసే పరీక్ష దీనికి సరిపోదు. చుక్కల తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. జబ్బు ఏ దశలో ఉంది, మాక్యులాలో వాపు ఉందా, మళ్లీ ఎప్పుడు రావాలి అని అడిగి రాయించుకోండి. ఆ కాగితం మీ షుగర్ డాక్టర్ చేతిలో పడాలి. ఇద్దరు డాక్టర్లు ఒకరి మాట ఒకరికి తెలియకుండా వైద్యం చేస్తే నష్టపోయేది మీరే. జబ్బు ముదిరి ఉంటే ముందు లేజర్ గానీ కంట్లో ఇంజెక్షన్ గానీ అవసరం కావచ్చు. ఓ మోస్తరు జబ్బు ఉన్నా, మొదటి ఏడాది సుమారు మూడు నెలలకోసారి చూపించుకోవడం మేలు.

బీపీని వదిలేయకండి, వదులైన గోడ మీద ఒత్తిడి పెరిగితే కారడమూ పెరుగుతుంది. సిగరెట్ మానేయండి.

ముందే షుగర్ ఉన్న స్త్రీలు గర్భం దాల్చకముందే ఒకసారి, మొదటి మూడు నెలల్లో ఒకసారి రెటీనా చూపించుకోవాలి. తర్వాత డాక్టర్ చెప్పినట్టు కాన్పు అయ్యాక ఏడాది దాకా చూపించుకుంటూ ఉండాలి. గర్భంతోనే మొదలైన షుగర్‌కు సాధారణంగా ఇన్ని పరీక్షలు అక్కర్లేదు.

కంటి ముందు ఒక్కసారిగా నల్ల చుక్కలు తేలినా, తెర దిగినట్టున్నా, తిన్నని గీతలు వంకరగా కనిపించినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక కన్ను నొప్పి లేకుండా హఠాత్తుగా చీకటైపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అది కంటి ధమని మూసుకుపోవడం కావచ్చు, పక్షవాతంతో సమానమైన ప్రమాదం.

ఇన్సులిన్ మొదలైన తొలి వారాల్లో రెండు కళ్లూ కాస్త మసకబారడం మామూలే. షుగర్ మారేకొద్దీ కంటి లెన్స్‌లో నీటి పాళ్లు మారి అలా అవుతుంది. అయినా డాక్టర్‌కు చెప్పండి. కొత్త కళ్లద్దాలు మాత్రం షుగర్ నిలకడ అయ్యాకే చేయించుకోండి.